పాట్రిక్ గారికి టోపీ పెట్టిన టోపీకి

ఆకుపచ్చ టోపీ గారికి,

మొన్న మార్చి 17న డబ్లిన్‌లో, ఓకానెల్ స్ట్రీట్ మొదట్లో ఐదు యూరోలిచ్చి తమరిని కొన్నది నేనే. నల్ల పట్టీ, పసుపు ప్లాస్టిక్ బకిల్, చెవుల మీంచి వేలాడే నారింజ రంగు గడ్డం. వలస వచ్చినవాడు నలుగురిలో కలిసిపోవాలంటే ఎవరో ఒకరి టోపీ పెట్టుకోక తప్పదు కదా, మీదే పెట్టుకున్నాను.

ఊరేగింపు చూస్తుండగా ఓ అనుమానం వచ్చింది. పండగ ఐర్లాండ్‌ను కాపాడే పునీతుడని చెప్పుకునే సెయింట్ పాట్రిక్‌ది, మరి మధ్యలో మీరెవరు? ఆరా తీస్తే మీది లెప్రకాన్ వేషమని తెలిసింది. ఐరిష్ జానపద కథల్లో చెప్పులు కుట్టుకుంటూ, బంగారం దాచుకునే పొట్టి మాయగాడట. పాట్రిక్‌తో ఏ వైపు నుంచీ చుట్టరికం లేదు. శ్రీరామనవమి పందిట్లో మాయల ఫకీరు బొమ్మ నిలబెట్టి పానకం పంచినట్టుంది మీ వ్యవహారం.

రంగు సంగతి కూడా అడగాలి. 1783లో పాట్రిక్ పేరు మీద బిరుదులిచ్చే ‘ఆర్డర్’ అనే గౌరవ సంఘం పెట్టినప్పుడు ఎంచుకున్నది నీలం. పచ్చరంగు, బ్రిటిష్ పాలన మీద 1798 తిరుగుబాటు రోజుల నుంచి దేశభక్తి జెండాగా బలపడి ఆయన మీదికెక్కింది. అది పోరాటం రంగు, పోనీలే అనుకుందాం. 1962లో అమెరికాలో షికాగో ప్లంబర్లు ఈ పండగకని నదిలో నలభై అయిదు కిలోల రంగు కలిపితే నీళ్లు వారం రోజులు పచ్చగానే ఉన్నాయి. అంతకు ముందు ఆ రంగు మురుగు ఎక్కణ్ణుంచి కలుస్తోందో పట్టుకోడానికి వాడేవారు. భక్తి ఎక్కణ్ణుంచి కలుస్తోందో పట్టుకునే రంగు ఇంకా రాలేదు.

పాములన్నిటినీ ఆయనే తరిమేశాడని పక్క బండి మీది టీషర్టు చెప్పింది. మంచు యుగం అయ్యాక ఐర్లాండ్ ద్వీపానికి పాములు అసలు చేరనే లేదు. లేనివాటిని తరిమి పేరు తెచ్చుకోవడం మా వైపు నాయకులకూ తెలిసిన విద్యే కాబట్టి దీని మీద నాకు అభ్యంతరం లేదు.

మందు సంగతికి మాత్రం నవ్వొచ్చింది. ఈ పండగ వచ్చేది ఈస్టర్ ముందు క్రైస్తవుల ఉపవాస కాలం మధ్యలో. ఆ ఒక్క రోజు కాస్త సడలింపు ఉండేది, అంతే. 1927లో ఐర్లాండ్ ప్రభుత్వమే చట్టం చేసి మార్చి 17న పబ్బులు మూయించింది, అలా ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. అసలు ఊరేగింపు సంబరం పెరిగింది సముద్రానికి అవతల. న్యూయార్క్‌లో 1762లోనే, బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ సిపాయిలు నడిచారు. 1845లో బంగాళాదుంపకు తెగులు తగిలాక కరువులో పది లక్షల మంది దాకా చచ్చిపోయారు, ఇంకో పది లక్షల మంది ఓడలెక్కారు. దిగిన చోట వాళ్లను చూసి మూతి తిప్పుకున్నవాళ్ల ముందు, మేమూ మనుషులమే అని వీధిలో నడిచి చూపించడం వాళ్ల అవసరం. అది నాకు బాగా అర్థమవుతుంది. వాళ్లు నడిచినప్పుడు మీరు లేరు.

ఇంతకీ ఆయన ఐరిష్‌వాడే కాదు, తెలుసా? రోమన్ల కింద ఉన్న బ్రిటన్‌లో, కాస్త ఆస్తిపాస్తులున్న ఇంట్లో పుట్టాడు. పదహారేళ్లప్పుడు ఐర్లాండ్ దొంగలు పడి ఎత్తుకుపోయారు. ఆరేళ్లు బానిసగా గొర్రెలు కాశాడు. పారిపోయి, రెండొందల మైళ్ల అవతలున్న ఓడను అందుకుని ఇల్లు చేరాడు. నేనైతే ఆ తర్వాత ఆ దేశం ఉన్న దిక్కుకు తల కూడా పెట్టుకోను. ఆయన బిషప్ అయి మళ్లీ అక్కడికే వెళ్లాడు.

ఇంకో సంగతి. ఇలా అందరి ముందూ లేఖ విప్పడంలో నాకంటే ఆయన పెద్ద చెయ్యి. కొరోటికస్ అనే దొర సైనికులు, అప్పుడే బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్ల మీద పడి కొందరిని నరికేశారు, కొందరిని బానిసలుగా అమ్మేశారు. వాళ్ల ఒంటి మీద తెల్లబట్టలు ఇంకా ఉన్నాయి, నుదుట పూసిన తైలం వాసన ఇంకా పోలేదు. పట్టుకెళ్లినవాళ్లను వదలమని పాట్రిక్ ముందు ఓ ఉత్తరం పంపితే నవ్వారట. అందుకని రెండోది రాశాడు. జనమంతా వినేలా, ఆ కొరోటికస్ ముందు కూడా చదవమన్నాడు. వాళ్లతో కలిసి తినకండి, తాగకండి అని తోటి క్రైస్తవులకు చెప్పాడు. తనకు చదువు రాదని, లాటిన్ బాగుండదని ఆయన రాసుకున్నాడు గానీ, ఆ కోపానికి వ్యాకరణం అవసరం లేదు. ఆ లేఖ ఇప్పటికీ ఉంది. ఏ టీషర్టు మీదా కనపడలేదు.

ఊరేగింపు సగంలో వాన పట్టుకుంది. డబ్లిన్ కదా, పట్టకపోతే ఆశ్చర్యం. మీ నుంచి రంగు దిగి నా నుదుటి మీదికి కారింది. ఇంటికొచ్చి సబ్బుతో రెండుసార్లు రుద్దాను. మర్నాడు ఆఫీసు మీటింగులో అందరూ నా మొహం వైపే చూస్తుంటే, నేను ఆ తైలం వాసన గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. గడ్డం మాత్రం డోర్‌మ్యాట్ పక్కన ఆరేశాను, వచ్చి తీసుకుపోగలరు.

ఇట్లు,
పచ్చ నుదుటివాడు