రాత్రి పోటును కొలిచేదెవరు?

గోదావరి పొంగితే డెల్టా మొత్తం కళ్లు ధవళేశ్వరం మీదే ఉంటాయి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక గ్రామాల్లో ఈ అంకెలు పిల్లలకు కూడా నోటికి వచ్చు. అయినా ఒక్క అంకె చూసి ఎవరూ గొడ్డూగోదా తోలుకుని గట్టెక్కరు. పొద్దున ఎంత ఉంది, మధ్యాహ్నానికి ఎంత పెరిగింది, భద్రాచలం దగ్గర తగ్గుముఖం పట్టిందా లేదా అని గంటగంటకూ వాకబు చేస్తూనే ఉంటారు. ఏటిగట్టు సంగతి తెలిసిన పెద్దవాళ్లయితే నీటిమట్టంతో సరిపెట్టుకోరు, గట్టు వెనక ఊట ఎక్కడ కారుతోందో చూసి రమ్మంటారు. గండి పడేది ఒక్క క్షణంలోనే గానీ, ఊట అంతకు చాలాముందే మొదలవుతుంది.

ఏటి విషయంలో ఇంత జాగ్రత్త ఎరిగిన మనం ఒంట్లో పారే రక్తం పోటు, అంటే బీపీ, దగ్గరకు వచ్చేసరికి ఏడాదికి ఒక్క రీడింగుతో సరిపెట్టుకుంటున్నాం. ఆ ఒక్కటైనా సరిగ్గా తీస్తున్నారా అంటే అదీ అనుమానమే. అసలు ఏ కొలత గుండెకు తగిలే దెబ్బను ముందుగా పట్టిస్తుందని అడిగేవాళ్లూ తక్కువే.

ఊళ్లో వైద్య శిబిరం ఎలా ఉంటుందో తెలియంది కాదు. ఎండలో నడిచి వచ్చి, వరసలో నిలబడి, ముందువాళ్లతో వెనకవాళ్లతో ముచ్చట్లాడి, ఈలోగా ఓ టీ తాగి, తన వంతు రాగానే స్టూలు మీద కూర్చుంటాడు పెద్దాయన. వీపు ఆనించడానికి ఏమీ ఉండదు. చొక్కా చేతి మీదే బీపీ యంత్రం పట్టీ చుట్టేస్తారు. చెయ్యి ఒళ్లోనో, పక్కన వేలాడుతూనో ఉంటుంది. అర నిమిషంలో ‘160 ఉంది తాతా, బిళ్ల వాడాలి’ అంటారు. 2024లో అమెరికాలో ఈ చెయ్యి సంగతినే పనిగట్టుకుని పరీక్షించారు. బల్ల మీద గుండె ఎత్తులో ఆనించిన చేతితో పోలిస్తే, ఒళ్లో పెట్టుకున్నప్పుడు పై అంకె (గుండె ముడుచుకున్నప్పటి పోటు) దాదాపు 4 పాయింట్లు, వేలాడదీసినప్పుడు ఆరున్నర పాయింట్లు ఎక్కువగా వచ్చింది. అంతకు ముందు ఏడాది వచ్చిన మరో అధ్యయనం పట్టీ సైజు మీద. బాగా పెద్ద పట్టీ కావాల్సిన లావు చేతికి మామూలు పట్టీ చుడితే పై అంకె 20 పాయింట్ల దాకా పెరిగి కనిపించింది. మన ఆరోగ్య కేంద్రాల్లో ఎన్నింటికి పెద్ద పట్టీ ఉందో వెళ్లి చూస్తే తెలుస్తుంది.

ఇదంతా లేని బీపీని ఉన్నట్టు చూపించే తప్పు. మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది దీనికి తలకిందులుగా జరిగేది. ఆస్పత్రిలో 130 చూపించి, ఇంటికి వెళ్లాక 150 అయ్యే మనుషులున్నారు. డాక్టర్లు దీన్ని దాగిన రక్తపోటు అంటారు. తెల్లకోటు చూసి పెరిగే బీపీ గురించి అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు గానీ ఈ దాగినదాని గురించి ఎవరూ మాట్లాడరు. పైగా మన వాడుకలో బీపీ అంటే కోపం. ‘నాకు బీపీ తెప్పించకు’ అంటాం. దాంతో నెమ్మదస్తుడికి బీపీ ఏమిటన్న నమ్మకం ఒకటి పాతుకుపోయింది. నోరెత్తని మనిషికీ నాళాల్లో పోటు ఉండొచ్చు. మన దేశంలో 15 రాష్ట్రాల్లో దాదాపు 19 వేల మందికి వారం రోజుల పాటు ఇంటి దగ్గర కొలిపించి చూశారు. తొలిసారి ఆస్పత్రిలో వచ్చిన అంకె ఒకటి, ఇంటి అంకె చెప్పింది ఇంకొకటి అయినవాళ్లు నూటికి 40 మందికి పైనే తేలారు. వాళ్లలో కొందరు అక్కర్లేని మందు మింగేవారు, మిగిలినవాళ్లు కావాల్సిన మందు లేకుండా తిరిగేవారు.

రక్తపోటు అన్న మాట ఎవరు పుట్టించారో గానీ భలే మాట. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట వేట చేసేవారికి పోటు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆటు లేని పోటు ఉండదని వాళ్లకు తెలుసు. రక్తానికీ అంతే. మనిషి నిద్రపోయినప్పుడు పగటి మీద 10 నుంచి 20 శాతం దాకా తగ్గాలి. నాళాలకు దొరికే విశ్రాంతి ఆ కాస్తే. కొందరిలో ఆ ఆటు రాదు. షుగరు ఉన్నవాళ్లు, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు, నిద్రలో గురకపెట్టి ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లు ఎక్కువగా ఈ కోవలోకి వస్తారు. శిబిరంలో పగలు పదింటికి తీసిన రీడింగుకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది?

గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. పట్టీ చుట్టిన అర నిమిషంలో మనకు దొరికేవి దాదాపు 35 స్పందనలు. ఏ కొలత గుండెకు తగిలే దెబ్బను ముందుగా పట్టిస్తుందన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గుండెపోటూ పక్షవాతమూ వచ్చేదాకా ఆగకుండా ఊటను చూడాలంటే కొన్ని గుర్తులున్నాయి. ఎదురుపోటుకు రక్తం తోసి తోసి గుండె ఎడమ గది గోడ మందమెక్కడం గుండె స్కానింగు ఎకోలో కనిపిస్తుంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కొద్దికొద్దిగా పోవడం మొదలవుతుంది. మెడ దగ్గర రక్తనాళం గోడ దళసరి అవుతుంది. పెద్ద నాళాలు సాగే గుణం పోయి బిరుసెక్కుతాయి. మనిషికి వీటిలో ఏదీ తెలియదు, తలనొప్పి కూడా ఉండకపోవచ్చు. ఆస్పత్రి అంకె కన్నా ఇంట్లో తీసిన సగటు, దాని కన్నా 24 గంటలు చేతికి కట్టి ఉంచే యంత్రం ఇచ్చే సగటు, అందులోనూ రాత్రి సగటు, ఈ గుర్తులతో దగ్గరగా నడుస్తాయని దశాబ్దాలుగా తేలుతూ వస్తోంది. ఇటలీలోని మోంజా పట్టణంలో జరిగిన అధ్యయనంలో, ఆస్పత్రిలో మామూలుగానే ఉండి బయట మాత్రమే బీపీ ఎక్కువున్నవాళ్ల గుండె గోడలు అప్పటికే మందమెక్కి ఉన్నాయి. స్పెయిన్‌లో దాదాపు 64 వేల మంది రికార్డులు తిరగేసి 2018లో చెప్పింది ఏమిటంటే, చావు ముప్పును ఆస్పత్రి అంకె కంటే 24 గంటల సగటు బాగా చూపిందని. జపాన్‌లో ఒహసామా అనే పల్లెటూరి పట్టణం 1987 నుంచి జనం చేత ఇళ్లలోనే బీపీ చూపించి ఇలాంటి మాటే చెప్పింది. అంటే ఇది మహానగరాలకే చెల్లే వైద్యం కాదు.

కొలత మారితే గీత కూడా మారుతుందని చాలామందికి తెలియదు. ఆస్పత్రిలో 140/90 అయితే రక్తపోటు. ఇంట్లో తీసిన సగటుకు ఆ గీత 135/85. 24 గంటల సగటుకు 130/80. నిద్రలో అయితే 120/70 దాటకూడదు. ఇంటి దగ్గర రోజూ 138 చూసుకుని ‘140 లోపే కదా’ అని ఆవకాయ ముద్ద ఇంకొకటి కలుపుకునేవాళ్లు మనలో ఎందరో. పెద్ద వయసువాళ్ల విషయంలో మరో పొరపాటు జరుగుతోంది. 170/70 వస్తే ‘కింది అంకె బాగానే ఉంది’ అని ధైర్యం చెప్పి పంపేస్తారు. పై అంకెకూ కింది అంకెకూ మధ్య అంత ఎడం రావడమే నాళాలు బిరుసెక్కాయనడానికి గుర్తు. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలో పోటు కొలిచే యంత్రాలు కూడా వచ్చాయి గానీ, జిల్లా ఆస్పత్రికే అందని వాటి గురించి ఇక్కడ రాసి లాభం లేదు.

డెల్టాకు ఈ గొడవ ఎందుకంటారా? 2003-04లో అప్పటి ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఏడాది పాటు జరిగిన 1,354 మరణాలకు కారణాలు ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పల్లెల్లో జనం జ్వరాలతోనే పోతారన్న పాత నమ్మకాన్ని ఆ లెక్క ఇరవై ఏళ్ల కిందటే కొట్టేసింది. ఆ తర్వాత మన భూమి ఇంకా మారింది. భీమవరం, ఆకివీడు, ముమ్మిడివరం చుట్టుపక్కల వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది గనక ఏరియేటర్లు ఆగకుండా చూసుకుంటూ రాత్రంతా చెరువు గట్టు మీద మేలుకునే మనుషులు వేలల్లో ఉన్నారు. కరెంటు పోతే జనరేటర్ దగ్గరకు పరుగు. ధర పడిపోతే రైతుకూ నిద్రుండదు, అది వేరే టెన్షన్. వాళ్ల రక్తానికి ఆటు ఎప్పుడు వస్తుంది? దీనికి తోడు మన పళ్లెం. మాగాయ, ఊరమిరపకాయ, ఉప్పుచేప, వడియం వేటికవే చూస్తే కొంచెమే. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఉప్పు పడని ఒళ్లున్నవాళ్లలో రాత్రి పోటు తగ్గకుండా నిలబెట్టేది ఆ ఉప్పే.

యంత్రాలు ఇచ్చేస్తే పని అయిపోతుందని మేం అనడం లేదు. పశ్చిమ గోదావరి పల్లెల్లోనే ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి బీపీ ముప్పు లెక్కకట్టించిన ప్రయోగం జరిగింది. పరీక్షలు బాగానే సాగాయి గానీ, బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల సంఖ్య చెప్పుకోదగ్గంత పెరగలేదు. కొలిచాక మందు నెలనెలా అందాలి, అడిగే మనిషి ఉండాలి. అయినా కొలతే తప్పయితే ఆ తర్వాత చేసేదంతా తప్పుడు పునాది మీదే కదా.

ప్రతి గ్రామ ఆరోగ్య కేంద్రంలో దండచేతికి కట్టే, పనితీరు పరీక్షించిన బీపీ యంత్రాలు నాలుగో ఐదో ఉంచి, తొలి రీడింగు ఎక్కువ వచ్చినవారికి, గీతకు దగ్గరగా వచ్చినవారికి వారం రోజులు ఇంటికి ఇచ్చి పంపాలి. ఒక్కోటి రెండు వేల రూపాయలకు అటూఇటూ దొరుకుతుంది. మణికట్టుకు కట్టేవాటిని నమ్మడానికి లేదు. పొద్దున మందు వేసుకోకముందు రెండుసార్లు, రాత్రి పడుకోబోయే ముందు రెండుసార్లు, ప్రతిసారీ అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాక. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు చూడాలి. చదువు రాని ఇంట్లో పదో తరగతి మనవరాలు రాసిపెడుతుంది, ఆ బెంగ అక్కర్లేదు. 24 గంటల యంత్రం ఖరీదైనదే గనక ఏరియా ఆస్పత్రికి ఒకటి రెండైనా ఉంటే, చెరువు కాపలా వాళ్లకూ, షుగరు ఉన్నవాళ్లకూ, గురక వాళ్లకూ ముందు కట్టొచ్చు. బీపీ, షుగరు ఉన్న ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయాలి. ఇది చదివి ఎవరూ వాడుతున్న బిళ్ల మానుకోవద్దు. 180/120 దాటి ఛాతీలో నొప్పో, ఆయాసమో, మాట తడబాటో ఉంటే వారం సగటు కోసం ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

ఇందులో మా పత్రిక తప్పూ ఉంది. ఫలానా ఊళ్లో శిబిరం, 300 మందికి ఉచిత పరీక్షలు అని ఫొటోతో సహా వేస్తూ వచ్చాం. ఆ 300 మందిలో ఎందరికి రెండోసారి చూశారని ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం. తొలి రీడింగులో 140 దాటినవాళ్లు ఎందరు, వాళ్లలో నెల లోపు ఇంటి దగ్గర మళ్లీ కొలిచింది ఎందరికి అన్న లెక్కను డెల్టా జిల్లాల వైద్యాధికారులు మండలాల వారీగా బయటపెట్టాలి. వచ్చిన లెక్క వచ్చినట్టు మొదటి పేజీలో వేస్తాం. రాని మండలాల పేర్లు కూడా.