బొమ్మ తనలాగే ఉంటే పిల్ల కొత్తగా నేర్చేదేముంది?

అమెరికాలో ఆడపిల్లలున్న తెలుగు ఇళ్లకు అమెరికన్ గర్ల్ బొమ్మల గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. టీచర్‌గా పనిచేసి, పాఠ్యపుస్తకాలు రాసిన ప్లెజెంట్ రోలండ్ 1986లో విస్కాన్సిన్‌లో మొదలుపెట్టిన కంపెనీ అది. 1998లో బార్బీని తయారుచేసే మాటెల్‌కు 70 కోట్ల డాలర్లకు అమ్మేశారు. దీన్ని అందరూ వ్యాపార విజయగాథగా చెబుతారు. నేను మాత్రం ఆ బొమ్మలతో పాటు వచ్చే కథల పుస్తకం రానురాను ఎలా చిక్కిపోయిందో చెబుతాను.

మొదట వచ్చినవి మూడే బొమ్మలు. 1854 నాటి స్వీడిష్ వలస కుటుంబం పిల్ల కిర్‌స్టెన్, 1904 నాటి సంపన్నుల ఇంటి సమంతా, రెండో ప్రపంచయుద్ధ కాలపు మాలీ. ఒక్కొక్కరికి ఆరేసి పుస్తకాలు. ప్రతి పుస్తకం చివర ఆ కాలం నిజంగా ఎలా ఉండేదో ఫొటోలతో సహా చెప్పే కొన్ని పేజీలు. సమంతా కథ చూడండి. అమెరికా ప్రగతి గురించి ఉపన్యాసపోటీలో మాట్లాడాలి. ఫ్యాక్టరీలను ఆకాశానికెత్తుతూ రాసుకుంటుంది. ఫ్యాక్టరీలో కూలికి పనిచేసిన స్నేహితురాలు నెల్లీ అక్కడ పిల్లలు పడే కష్టం చెప్పాక, ఆ ఉపన్యాసం మార్చేసి, బాల కార్మికుల గురించి వేదికెక్కి మాట్లాడుతుంది. లేసుల గౌను వేసుకున్న బొమ్మ కోసం మారాం చేసిన తొమ్మిదేళ్ల పిల్ల చేతికి చివరికి అందిందేమిటో చూశారా!

1993లో వచ్చిన ఆడీ ఇంకా గొప్పది. 1864, నార్త్ కరొలైనా పొగాకు తోట, బానిస బతుకు. పొగాకు ఆకుల మీద పురుగులు ఏరుతూ ఏమరుపాటున కొన్ని వదిలేస్తే, ఓవర్సీర్ ఆ పురుగులనే ఆ పిల్ల నోట్లో కుక్కుతాడు. పారిపోతున్నప్పుడు ఏడిస్తే దొరికిపోతామని పసి చెల్లెల్ని వదిలేసి రావాలి. ఫిలడెల్ఫియా చేరాక బడిలో నేర్చుకున్న అక్షరాలు అమ్మకు నేర్పుతుంది. నల్లజాతి చరిత్రకారులు, విద్యావేత్తలతో కూడిన సలహా బృందం కంపెనీతో కూర్చుని ఈ పాత్రను తీర్చిదిద్దింది. తెల్ల పిల్లలు కూడా ఆ బొమ్మను పక్కలో పెట్టుకుని ఈ కథ చదివారు. తనలాంటిది కాని పిల్ల కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. చరిత్ర చదువు అంటే అదీ!

మొదటి నల్లజాతి బొమ్మ బానిసే ఎందుకు కావాలని అప్పుడే చాలామంది నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. 2011లో సెసీల్ వచ్చేదాకా, అంటే 18 ఏళ్లు, చారిత్రక బొమ్మల్లో నల్లజాతి పిల్ల ఆడీ ఒక్కతే. ధర కూడా సామాన్యులకు అందేది కాదు, ఇప్పుడు వంద డాలర్లు దాటింది. అయితే ఆ పుస్తకాలు లైబ్రరీల్లో ఉచితంగా దొరికేవి. న్యూయార్క్‌లోని ఓటెన్‌డార్ఫర్ లైబ్రరీ కిర్‌స్టెన్ బొమ్మను కూడా పుస్తకంలాగే పిల్లలకు అరువిచ్చింది. కొనలేకపోయినా కథ అందింది.

నా కోపమంతా తర్వాత జరిగినదాని మీద. నీలాగే ఉండే బొమ్మ అంటూ జుట్టు రంగు, కళ్ల రంగు ఎంచుకునే పద్ధతి 1995లోనే, రోలండ్ హయాంలోనే వచ్చింది. మాటెల్ దాన్ని నెత్తికెత్తుకుంది. 2001 నుంచి 'గర్ల్ ఆఫ్ ది ఇయర్' పేరుతో ఈనాటి అమ్మాయిల బొమ్మలు రావడం మొదలైంది. ఒకదాని తర్వాత ఒకటిగా సమంతా, కిర్‌స్టెన్, మరో చారిత్రక బొమ్మ ఫెలిసిటీలను పక్కన పెట్టేశారు. 2014లో పాత కథలను కుదించి, పుస్తకాల్లోని చిత్రాలు తీసేసి మళ్లీ అచ్చువేశారు. బట్టలు పెరిగాయి, పేజీలు తగ్గాయి.

2023లో కావీ శర్మ వచ్చినప్పుడు మనవాళ్లంతా మురిసిపోయారు. భారతీయ మూలాలున్న మొదటి 'గర్ల్ ఆఫ్ ది ఇయర్', ఊరు న్యూజెర్సీలోని మెటచెన్. తెలుగువాళ్లు గుంపులుగా ఉండే ఎడిసన్‌కు పక్కనే. బ్రాడ్‌వే నాటకాలంటే, డాన్సంటే పిచ్చి. ముచ్చటగానే ఉంది. కానీ ఎడిసన్‌లో పెరిగే పిల్లకు మెటచెన్ పిల్ల కొత్తగా ఏం చెబుతుంది? ఆ పిల్లకు తెలియనిది ముత్తవ్వ బతుకు.

అసలు ఇక్కడ తెలుగునాట ఉన్న మన పిల్లలకైనా ఎవరు చెబుతున్నారు? చరిత్ర అంటే రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు, నాలుగు మార్కుల ప్రశ్నలు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే బిట్ పేపర్‌లో ఒక జవాబు. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, దేవదాసీలతో ఆయన మాట్లాడాలని పట్టుబట్టి, విరాళాలు పోగుచేసింది 12 ఏళ్లు కూడా నిండని పిల్లగా ఉన్నప్పుడే. 1923 కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర కాపలా ఉంది, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసింది. అప్పుడు ఆమెకు 14 ఏళ్లు. కొండపల్లిలో, ఏటికొప్పాకలో బొమ్మలు చేసే చేతులున్నాయి, తెలుగులో పిల్లల కథలు రాసేవాళ్లూ ఉన్నారు. ఖద్దరు పరికిణీ కట్టిన ఆ పిల్ల బొమ్మను, దానితో పాటు ఆమె కథను ఈ దసరా కొలువుకైనా ఎవరో ఒకరు తేవాలి. తెస్తే మొదటి బొమ్మ నేనే కొంటాను.