ఎడమ పాదం కథకు కుడి పాదం చాలు

వరంగల్ గడ్డ మీద పుట్టిన ఒక వికలాంగ కళాకారుడి జీవితాన్ని సినిమాగా తీయాలన్న సంకల్పం ఏ నిర్మాతకైనా కలిగితే, ఆయన శ్రమ వృథా పోకుండా కొన్ని సూచనలు చేయడం ఈ ప్రాంతపు ప్రేక్షకుడిగా నా ధర్మం. ఇటువంటి చిత్రాలకు పెద్దబాలశిక్ష వంటిది 1989లో వచ్చిన ఐరిష్ చిత్రం ‘మై లెఫ్ట్ ఫుట్’. 1932లో డబ్లిన్‌లో ఒక తాపీ మేస్త్రీ ఇంట పుట్టిన క్రిస్టీ బ్రౌన్‌కు సెరిబ్రల్ పాల్సీ వల్ల ఒళ్లంతా స్వాధీనం తప్పినా, ఎడమ కాలు మాత్రం మాట వినేది. ఆ కాలితోనే బొమ్మలు వేసి, 1954లో తన కథను తానే పుస్తకంగా వెలువరించాడు. ఏ వైకల్యమూ లేకుండానే ఆ పాత్ర వేసిన డేనియల్ డే లూయిస్‌కు, తల్లి పాత్ర వేసిన బ్రెండా ఫ్రికర్‌కు ఆస్కార్లు వచ్చాయి.

దీన్నిబట్టి తేలేదేమంటే, నటుడికి కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఉండవలెను. కాలితో చేయవలసిన పనుల్లో చాలావాటిని డే లూయిస్ కుడి పాదంతో మాత్రమే చేయగలగడం వల్ల, అద్దంలోని ప్రతిబింబాన్ని చిత్రీకరించి తెర మీద ఎడమ పాదంగా చూపించారు. ఎడమ పాదం కథకు కుడి పాదం సరిపోయినప్పుడు, వికలాంగుడి పాత్రకు వికలాంగుడే కావాలని పట్టుబట్టడం మూర్ఖత్వం కాక మరేమిటి? ఈ విషయంలో మన తెలుగువారు ఒకసారి దారి తప్పిన మాట నిజమే. 1981లో ప్రమాదానికి గురై కాలు కోల్పోయి, జైపూర్ కాలుతో మళ్లీ నాట్యమాడిన సుధాచంద్రన్ కథను 1985లో ‘మయూరి’గా తీసినప్పుడు, సింగీతం శ్రీనివాసరావు ఆ పాత్రను సాక్షాత్తు ఆమెకే ఇచ్చారు. చిత్రం ఆడింది, జనం ఏడ్చారు, జాతీయ అవార్డుల్లో ఆమెకు జ్యూరీ ప్రత్యేక గుర్తింపు కూడా దక్కింది. ఇన్ని అనర్థాలు జరిగినా పరిశ్రమ నిబ్బరంగా తట్టుకుని, ఆ అలవాటు ముదరకుండా జాగ్రత్తపడింది.

ఇక కల్పన మోతాదు సంగతి. అయిదేళ్ల వయసులో తోబుట్టువు చేతిలోని సుద్దముక్కను కాలివేళ్లతో లాక్కుని తాను నేల మీద రాసింది ఒకే ఒక్క అక్షరమని బ్రౌన్ తన పుస్తకంలో చెప్పుకున్నాడు. సినిమాలో అది ‘మదర్’ అన్న పూర్తి మాటగా ఎదిగింది. డబ్లిన్‌లో అక్షరం మాటయితే, బమ్మెర పోతన తిరిగిన నేలలో అది మత్తేభం కాకపోవడం మనకే నామోషీ.

కథానాయకుణ్ణి చేర్యాల నకాషీ చిత్రకారుడిగా, అంటే గుడ్డ మీద కథలు బొమ్మలుగా గీసేవాడిగా, పెట్టుకోవడం శ్రేయస్కరం. అయితే ఇందులో ఒక చిక్కుంది. నకాషీలు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి ఆరబెట్టి, దాన్ని నేల మీద పరుచుకుని బొమ్మ గీస్తారు. కాలితో గీసేవాడికి ఇంతకన్నా అనువైన పద్ధతి ఉండదు, ఎవరూ ప్రత్యేకంగా ఏమీ అమర్చి పెట్టనక్కరలేదు. సరిగ్గా అదే ఇబ్బంది. మనిషి హాయిగా తన పని తాను చేసుకుంటూ కనిపిస్తే ఇంటర్వెల్ ఎక్కడ పడుతుంది? కనుక దర్శకుడు ఆ గుడ్డను నిలువుగా స్టాండుకు బిగించి, హీరోను వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి వాన కురిపించవలసి ఉంటుంది. రంగులు కారిపోతాయన్న శంక వద్దు. క్లైమాక్స్ వేలంపాటలో ఎక్కువ ధర పలికేది ఆ బొమ్మే.

షూటింగ్ జరిగినన్నాళ్లూ డే లూయిస్ చక్రాల కుర్చీ దిగలేదని, యూనిట్ వాళ్లు చెంచాతో తినిపించేవారని, కేబుళ్లు అడ్డం వస్తే కుర్చీతో సహా ఎత్తి దాటించేవారని ప్రసిద్ధి. మన హీరో అంతటి దీక్ష పూనితే శ్లాఘనీయమే గాని, ఆ ఊపులో వైకల్య శాతం కొలిచే డాక్టర్ల క్యాంపు దాకా వెళ్లరాదని మనవి. తెలంగాణలో నెలకు 4,016 రూపాయల వికలాంగ పింఛను కావాలంటే సాధారణంగా డాక్టర్లు 40 శాతమైనా రాయాలి. పొద్దున్నే వచ్చి వరుసలో కూర్చుంటే, మధ్యాహ్నానికి పిలిచి చెయ్యెత్తమంటారు, కాలు చాపమంటారు. రీటేకులుండవు. నటనలో కాస్త తేడా వచ్చి 39 దగ్గర ఆగిపోతే, ఆస్కార్ వస్తుందేమో గాని పింఛను రాదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన సన్నివేశం మరొకటుంది. క్రిస్టీకి ఒక గది ఉండాలని తల్లి తానే పెరట్లో ఇటుకలు పేర్చడం మొదలుపెడుతుంది. అది చూసి మేస్త్రీ అయిన తండ్రి, కొడుకులు పని అందుకుంటారు. దీన్ని నిర్దాక్షిణ్యంగా కత్తిరించాలి, లేకుంటే ఒక మనిషి కోసం నాలుగు ఇటుకలు పేర్చడం సాధ్యమేనన్న అపోహ ప్రేక్షకుల్లో ప్రబలుతుంది. ఆ ప్రేక్షకులు కూర్చునే హాలునే చూడండి. టికెట్ల కిటికీ నిలబడ్డవాడి ఛాతీ ఎత్తున ఉంటుంది. దాని ముందు ఇనుప గొట్టాల క్యూ, భుజం వంచితే తప్ప ఒంటి మనిషి పట్టడు. ఆ తర్వాత మెట్లు, వాటి పైన బాల్కనీ, బాల్కనీలో మళ్లీ మెట్లు. జనం వచ్చిపోయే భవనాలన్నీ, ప్రైవేటువైనా సరే, వికలాంగులకు అందుబాటులో ఉండాలని 2016 నాటి హక్కుల చట్టం చెప్పింది. ఉన్నవాటిని మార్చుకోవడానికి నిబంధనలు వచ్చిన 2017 నుంచి అయిదేళ్లు గడువిచ్చింది. గడువు మురిగిపోయాక, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధన సలహాలా ఉందే తప్ప ఆజ్ఞలా లేదని తేల్చి, తప్పనిసరి నిబంధనలు చేయమంది. హాళ్ల యజమానులు సంప్రదాయాన్ని గౌరవించేవారు. 1163 నాటి వేయిస్తంభాల గుడికే మెట్లుండగా, నిన్నగాక మొన్న కట్టిన హాలుకు ర్యాంపు దేనికన్నది వారి సందేహం కావచ్చు.

విడుదల రోజున అసలు కళాకారుణ్ణి పిలిచి శాలువా కప్పక తప్పదు, లేకుంటే పత్రికల్లో ఫొటో పడదు. వేదికకు మెట్లుంటాయి కనుక, పైనుంచే వంగి శాలువా కప్పాలా, లేక నలుగురు పట్టి ఆయన్నే పైకెత్తాలా అన్నది ముఖ్య అతిథి నడుం నొప్పిని బట్టి నిర్ణయించుకోవచ్చు. ఫొటోకు మాత్రం రెండోదే బాగుంటుంది. ఆపైన సినిమా కూడా చూస్తానని ఆయన మొండికేస్తే దిగులు పడనక్కరలేదు, హాలు వెనకవైపు కూల్‌డ్రింక్ క్రేట్లను లోపలికి నెట్టుకుపోయేందుకు కట్టిన నున్నటి ర్యాంపు ఒకటుంది. ఇంటర్వెల్ సరుకు ఎక్కించడం పూర్తయ్యే దాకా ఆయన కొంచెం ఓపిక పట్టవలసి ఉంటుంది.