పడవలు తీసేసిన నదులు: 1942 బెంగాల్

యుద్ధకాలపు సరుకు పడవల గురించి రాసేవారు సాధారణంగా సైన్యాన్నీ మందుగుండునూ మోసిన పడవల గురించే రాస్తారు. బర్మాలో ఐరావతి స్టీమర్ల కథ అందరికీ ఇష్టం. స్కాట్లాండ్ వారి ఐరావతి ఫ్లోటిల్లా కంపెనీకి ఒక దశలో 600కు పైగా నౌకలు ఉండేవి. 1885లో బ్రిటిష్ సైన్యాన్ని మాండలేకు చేర్చినవీ, 1942లో క్షతగాత్రులనూ కాందిశీకులనూ ఎగువకు మోసినవీ ఆ కంపెనీ నౌకలే. జపాన్ చేతికి చిక్కకూడదని ఆ ఏడాది ఏప్రిల్ చివర మాండలే వద్ద కంపెనీవారే వాటిలో చాలావాటిని ముంచేశారు. ఆ స్టీమర్లకు పేర్లున్నాయి, ఫోటోలున్నాయి, వాటి కోసం బాధపడిన వారి రాతలున్నాయి. వాటిని నడిపిన సరంగులు, కళాసీలు చాలావరకు చిట్టగాంగ్ ప్రాంతం వారు. అదే ఏడాది, అదే కారణంతో, వారి సొంత బెంగాల్‌లో పోయిన నాటుపడవలకు మాత్రం ఒక అంకె తప్ప మరేమీ మిగలలేదు. ఈ తేడా నన్ను చాలాకాలంగా బాధిస్తోంది.

మార్చిలో రంగూన్ పడిపోయాక, శత్రువు బెంగాల్ తీరంలో దిగితే అతనికి రవాణా సాధనం ఏదీ దొరకకూడదని ప్రభుత్వం నిశ్చయించింది. గవర్నర్ జాన్ హెర్బర్ట్ హయాంలో, పదిమంది కంటే ఎక్కువ మందిని మోయగల పడవలను తీర జిల్లాల నుంచి తరలించాలని, లేదా పనికిరాకుండా చేయాలని ఆదేశం వెలువడింది. 1943 బెంగాల్ కరువుపై తర్వాత విచారణ జరిపిన కమిషన్ లెక్క ప్రకారం ఆ ప్రాంతంలో నమోదైన పడవలు 66,563. వాటిలో దాదాపు 46,000 జనానికి అందకుండా పోయాయి.

భయం వట్టిది కాదని ఒప్పుకోవాలి. పెనాంగ్‌లో బ్రిటిష్ వారు వదిలి వెళ్లిన చిన్న పడవలలోనే జపాన్ సైనికులు మలయా పడమటి తీరం వెంట వచ్చి, బ్రిటిష్ సేనల వెనుక భాగంలో దిగారు. 1942 ఏప్రిల్ 6న మన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. కానీ భయం నిజమైనంత మాత్రాన దానికి చేసిన వైద్యం సరైనదైపోదు. శత్రువు వస్తాడో రాడో తెలియని రోజున, అక్కడే ఉన్న లక్షలాది మంది రోజువారీ బతుకును ముందుగానే తెంచివేయడాన్ని రక్షణ అని నేను అనలేను.

గోదావరి డెల్టాలో కాలువల మీద సరుకు పడవలు, రాదారి పడవలు నడిచిన కాలాన్ని పెద్దల నోట విన్నవారికి ఇది వెంటనే బోధపడుతుంది. రోడ్డు లేని చోట పడవే బండి, పడవే సంత దారి. తూర్పు బెంగాల్‌లోనైతే వానాకాలంలో ఊరికీ ఊరికీ మధ్య నీరే ఉంటుంది. రైతు లంక పొలానికి వెళ్లాలన్నా, కుమ్మరి మట్టి తెచ్చుకోవాలన్నా, జాలరి నదీముఖంలో వల వేయాలన్నా, వ్యాపారి ధాన్యం మిగిలిన ఊరినుంచి చాలని ఊరికి చేర్చాలన్నా పడవే దిక్కు. అక్కడి ప్రజల నుంచి పడవలు లాక్కోవడం ప్రాణాధారమైన అవయవాలను నరికేయడం వంటిదని గాంధీ ఆ రోజుల్లోనే రాశారు. ముఖ్యమంత్రి ఫజ్లుల్ హక్ సైతం ఆగస్టులో గవర్నర్‌కు రాసిన లేఖలో ఈ విధానాన్ని తప్పుపట్టారు. తెలియక జరిగిన పొరపాటు అనడానికి నాకు మనసొప్పకపోవడానికి కారణం ఇదే: చెప్పవలసినవారు సమయానికే చెప్పారు.

1943 కరువుకు పడవలొక్కటే కారణమని నేను వాదించడం లేదు. బర్మా బియ్యం ఆగిపోయింది, 1942 అక్టోబరులో తుపాను మిడ్నాపూర్‌ను ముంచింది, యుద్ధ వ్యయం ధరలను పెంచింది, ప్రాంతాల మధ్య ధాన్యం కదలకుండా ప్రభుత్వాలే అడ్డుపడ్డాయి. అయినా కమిషన్ 15 లక్షలుగా, తర్వాతి పరిశోధకులు కొందరు 30 లక్షల వరకు లెక్కగట్టిన ఆ మరణాల చర్చలో పడవల విధానం ఒక వాక్యంగా వచ్చి పోతుండటం నాకు అన్యాయంగా తోస్తుంది. ధాన్యం ఎంత ఉందన్న లెక్కతోపాటు, అది ఆకలి ఉన్న గుమ్మం దాకా ఎలా చేరాలన్న ప్రశ్ననూ అంతే గట్టిగా అడగాలి. కరువులో అందరికంటే ఎక్కువగా దెబ్బతిన్నవారిలో జాలరులు ఉన్నారు. చేపలున్న నీటి పక్కనే వారు పస్తులున్నారు.

ఇంతా చేస్తే జపాన్ సైన్యం బెంగాల్ తీరంలో దిగనే లేదు. అప్పగించిన పడవలు ఆలనాపాలనా లేక కట్టినచోటనే పడి ఉన్నాయి. జనానికి అవి తిరిగి కావలసి వచ్చేసరికి చాలావాటి కొయ్య పుచ్చిపోయింది.