పదకొండు బోర్డులు, ఒక్క సర్వరు

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యేనాటికి కర్నూలులో చాలినన్ని భవనాలు లేవు. గుడారాలు వేసి ఆఫీసులు నడిపారు. ఉన్న చోట్లోనే ఎన్ని శాఖలనైనా సర్దేయగలమన్న ధీమా ఈ ఊరికి అప్పటిది. అందుకే ఇక్కడి ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఒకటి, ఒక్క జీబీ ర్యామ్ ఉన్న అద్దె క్లౌడ్ సర్వరు మీద పదకొండు సబ్‌డొమైన్లు (ఒకే వెబ్‌సైటు పేరు ముందు తగిలించే పేర్లు) నిలబెట్టిందని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. గుండె ఉప్పొంగింది.

అడ్మిషన్లకు ఒకటి, ఫలితాలకు ఒకటి, లైబ్రరీకి ఒకటి, ఫిర్యాదులకు ఒకటి. బాటనీకి ఇచ్చారని జువాలజీ వాళ్లు అలిగి మరీ ఇంకోటి ఇప్పించుకున్నారు. క్యాంటీన్‌కూ ఉంది. డొమైన్ ఒక్కసారి కొన్నాక దాని ముందు ఏ పేరు తగిలించినా పైసా ఖర్చు లేదు మరి. డీఎన్ఎస్‌లో, అంటే ఏ పేరు ఏ సర్వరుదో చెప్పే చిట్టాలో, పేరు రాసే చోట ఒక నక్షత్రం గుర్తు పెడితే ఇంకా పుట్టని శాఖలకు కూడా చిరునామా సిద్ధం. 2022లో మా జిల్లా నుంచి నంద్యాలను విడదీసినప్పుడు ప్రభుత్వం దానికి వేరే కలెక్టరును, వేరే ఎస్పీని వేసింది. అంత దుబారా కాలేజీ యాజమాన్యానికి గిట్టదు.

పదకొండు పేర్లూ చేరేది ఒకే ఐపీ చిరునామాకు, అంటే నెట్‌లో ఆ సర్వరుకున్న నంబరుకు. పాత పద్ధతి చిరునామాలు లోకం మొత్తానికి కలిపి 429 కోట్లే; జువాలజీకి విడిగా ఒకటి ఇవ్వడం ఎవరి తరం? గుమ్మంలో ఇంజిన్‌ఎక్స్ అనే రివర్స్ ప్రాక్సీ (వచ్చినవాళ్లను లోపలి సైట్లకు పంపే ప్రోగ్రాము) కలెక్టరాఫీసు బంట్రోతులా నిలబడి ఉంటుంది. వచ్చిన బ్రౌజరు తాను ఎవరి కోసం వచ్చిందో హోస్ట్ హెడర్‌లో, అంటే వెంట తెచ్చే చీటీలో, చెప్పుకోవాలి. 1997లో బ్రౌజర్లూ సర్వర్లూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ పద్ధతి 1.1 వెర్షన్ వచ్చినప్పటి నుంచీ అది తప్పనిసరి. ఆ పేరు చూసి ఇంజిన్‌ఎక్స్ 3001 పోర్టుకో 3002 పోర్టుకో (సర్వరు లోపల ఒక్కో సైటుకు ఒక్కో గది నంబరు లాంటివి) పంపిస్తుంది. లోపలివాళ్లు పలక్కపోతే 502 ఎర్రర్ అంటుంది. సారు సెలవులో ఉన్నారా, అసలే లేరా అన్నది మాత్రం చెప్పదు. ఇగోర్ సిసోయెవ్ అనే రష్యన్ ఇంజనీరు ఒకేసారి పదివేల కనెక్షన్లు మోయాలన్న పట్టుదలతో దీన్ని రాసి 2004లో లోకానికి వదిలాడు. మా బాటనీ పేజీకి రోజుకు ఇద్దరొస్తారు. అందులో ఒకరు హెచ్ఓడీ.

ఊరూ పేరూ తెలియనివాళ్లొస్తే? డిఫాల్టు ఫలానా అని విడిగా చెప్పకపోతే, కాన్ఫిగ్‌లో, అంటే దాని సెట్టింగుల ఫైల్లో, అన్నిటికన్నా పైన రాసిన సైటుకు తోలేస్తుంది. పైన రాసింది క్యాంటీన్. నక్షత్రం పుణ్యమా అని, స్పెల్లింగు తప్పిన తల్లిదండ్రులంతా ఫీజుల వివరాలకు వచ్చి ఉగ్గాని బజ్జీ ధర తెలుసుకుని వెళ్లారు. (మొత్తం కాలేజీలో సరైన సమాచారం ఉన్న పేజీ అదొక్కటే, అది వేరే సంగతి.)

లోపలి అప్లికేషన్లకు కనిపించేది ప్రాక్సీ చిరునామాయే. అసలు మనిషి చిరునామాను ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ హెడర్‌లో పెట్టి పంపాలి, దాన్ని చదవమని అప్లికేషనుకూ చెప్పాలి. ఎవరూ చెప్పలేదు. దాంతో ఏడాది పొడుగునా 127.0.0.1 (సర్వరు తనను తాను పిలుచుకునే చిరునామా) అనే ఒక్క శాల్తీయే రాత్రింబవళ్లు అన్ని శాఖలనూ దర్శించుకున్నట్టు లెక్క తేలింది. ఇంత శ్రద్ధగల విద్యార్థికి వార్షికోత్సవంలో జ్ఞాపిక ఇవ్వాలన్నారు. రోల్ నంబరు దొరక్క ఆగారు.

ఒక సర్వరు మీద పది సైట్లు నడపడంలో తప్పేమీ లేదు. చిన్న కాలేజీకి అంతకన్నా తెలివైన ఏర్పాటు ఉండదు. కొత్త బోర్డు తగిలించిన ప్రతిసారీ కొత్త బలం వచ్చిందనుకోవడంతోనే పేచీ.

ఫలితాల రోజు వేల ఫోన్లు ఒకేసారి తలుపు తట్టాయి. ర్యామ్ నిండింది. అలాంటప్పుడు సర్వరును నడిపే లైనక్స్ బాగా మెమరీ తింటున్న ప్రాసెస్‌ను వెతికి చంపేస్తుంది. దొరికింది డేటాబేసు. అన్ని శాఖలకూ ఉన్నది ఆ ఒక్కటే కాబట్టి ఫలితాలు, అడ్మిషన్లు, లైబ్రరీ, ఫిర్యాదులు అన్నీ కట్టకట్టుకుని పడిపోయాయి. డేటాబేసు అవసరం లేని క్యాంటీన్ మాత్రం చెక్కుచెదరలేదు.

విచారణ కమిటీ వేశారు. ఫిర్యాదుల పోర్టల్‌లో ఆ రోజు ఒక్క ఫిర్యాదూ నమోదు కాలేదు కనుక విద్యార్థులు సంతృప్తిగానే ఉన్నారని కమిటీ తేల్చింది. సర్వరు బతికుందో లేదో ఎప్పటికప్పుడు చెప్పడానికి పన్నెండో సబ్‌డొమైన్ అత్యవసరమని సిఫార్సు చేసింది. “ముందు ర్యామ్ పెంచుదాం సార్” అని కంప్యూటర్లు చూసే కుర్రాడు గొణిగాడు.

“ఏమప్పా, ఉన్న సర్వరుకు ఏమొచ్చింది? దాంట్లోనే పెట్టు” అన్నారు కరస్పాండెంటు.

పోర్టు 3012 ఆ సాయంత్రమే మంజూరైంది.