సవరణ: పారాసిటమాల్ ఎక్కువ మింగిన పిల్లల గురించి నిన్న చెప్పింది తప్పు

బెంగళూరు మారతహళ్ళిలో మన తెలుగువాళ్ళకి నిన్న నేను రాసిందేంటంటే, పిల్లలు పారాసిటమాల్ ఎక్కువ మింగితే ఉప్పునీళ్ళు తాగించి కక్కించండి, బాగానే ఉంటే పొద్దున చూద్దాం అని, రెండూ తప్పే, క్షమించండి. కక్కించకూడదు. మొదటిరోజు పిల్ల ఇడ్లీ తింటూ ఫోన్ చూసుకుంటూ మామూలుగానే ఉండొచ్చు, లోపల లివర్ మాత్రం దెబ్బతింటూ ఉండొచ్చు, అందుకే వెంటనే 108కి ఫోన్ చేసి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి, ఖాళీ స్ట్రిప్పులు పట్టుకెళ్ళి ఎన్నింటికి మింగిందో చెప్పండి. మింగిన 4 గంటలకి రక్తపరీక్ష చేస్తారు, విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ 8 గంటల్లోపు పడితే బాగా పనిచేస్తుంది, ఆలస్యమైందని మాత్రం ఆగిపోకండి, అప్పుడూ ఇస్తారు. దారిలో పిల్లని తిట్టకండమ్మా, భయపడితే ఎన్ని మింగిందో దాచేస్తుంది. తర్వాత మనసు విప్పి మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలి మానస్ 14416, తెలుగులోనే మాట్లాడొచ్చు.