ఇరవై జవాబులు, నూట అరవై బిట్లు

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఎంపీసీ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇంజినీరింగ్ సీట్లకు రాసే ఎంట్రన్స్ ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) మాక్ టెస్టు పేపర్లు దిద్దుతూ ఒకసారి ఒక అమ్మాయి రఫ్ షీటు దగ్గర ఆగిపోయాను. సున్నా నుంచి పై బై టూ వరకు ఒక ఇంటిగ్రల్. పైన సైన్ క్యూబ్, కింద సైన్ క్యూబ్ ప్లస్ కాస్ క్యూబ్. కోచింగ్‌లో రాటుదేలిన పిల్లలు దీన్ని చెయ్యరు, గుర్తుపడతారు. చూడగానే పై బై ఫోర్ పెట్టేసి పక్క బిట్‌కి వెళ్ళిపోతారు. పది సెకన్ల పని. ఈ అమ్మాయి ఎక్స్ స్థానంలో పై బై టూ మైనస్ ఎక్స్ వేసింది, రెండూ కలిపింది, పై బై ఫోర్ తేల్చింది. అక్కడితో ఆగలేదు. క్యూబ్ తీసేసి ఐదో పవర్‌తో మళ్ళీ చేసింది. దాని కిందే స్క్వేర్ రూట్‌తో ఇంకోసారి చేసింది.

పిలిచి అడిగితే, "పవర్ ఏదైనా జవాబు ఇదేనా అని అనుమానం వచ్చింది సార్, చూసుకున్నాను" అంది.

పాఠం చెప్పేవాడికి అంతకంటే కావలసింది ఏముంటుంది! కానీ ఆ మాక్ టెస్టులో ఆమెకు వచ్చింది 160కి 71. చివరి యాభై బిట్లు ఖాళీ. ఆ మార్చిలో బోర్డు పరీక్ష రాసి, సెకండియర్ లెక్కల 2ఏ, 2బీ రెండు పేపర్లలోనూ 75కి 75 తెచ్చుకున్నది కూడా ఈ అమ్మాయే.

మార్కులు వచ్చిన పిల్లకి ర్యాంకు ఎందుకు రాలేదని తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ అడుగుతారు. చుట్టుపక్కల వాళ్ళు చెప్పే జవాబులు రెండే. టెన్షన్ పడింది అంటారు, లేకపోతే ఇంటర్‌లో బట్టీ కొట్టింది అంటారు. బట్టీ కొట్టే పిల్లలు ఉంటారు, కాదనను. పైన చెప్పిన రఫ్ షీటు మాత్రం బట్టీ కొట్టిన పిల్లది కాదు.

రెండు పరీక్షలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మేం ఏళ్ళుగా రాయించిన ఇంటర్ లెక్కల పేపర్‌లో రెండు మార్కులవి పది, నాలుగు మార్కులవి ఐదు, ఏడు మార్కులవి ఐదు. మూడు గంటల్లో ఇరవై జవాబులు. ప్రతి స్టెప్పుకీ విలువ ఉంటుంది, చివర్లో గుర్తు తప్పినా చేసిన పనికి మార్కులు దక్కుతాయి. ఎంసెట్‌లోనూ అవే మూడు గంటలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 బిట్లు. ఒక్కో బిట్‌కు అరవై ఏడున్నర సెకన్లు. స్టెప్పులు ఎవరూ చూడరు. రెండేళ్ళపాటు మేం పిల్లలకు నేర్పిన అలవాటేమిటంటే నింపాదిగా ఆలోచించు, కారణం రాయి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకో. సరిగ్గా ఆ అలవాటే మే నెలలో వాళ్ళ కొంప ముంచుతుంది.

ఆ ఖాళీ యాభై బిట్ల సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఎంసెట్‌లో మైనస్ మార్కులు లేవు. జేఈఈ మెయిన్‌లో తప్పుకు ఒక మార్కు పోతుంది, ఇక్కడ పోయేదేమీ లేదు. నాలుగు ఆప్షన్లలో కళ్ళు మూసుకుని ఏదో ఒకటి పెట్టినా యాభైకి సగటున పన్నెండు తగులుతాయి. ఆ పన్నెండు మార్కులు మధ్యస్థాయి పిల్లల్లో వేల ర్యాంకుల తేడా తెస్తాయి. కార్పొరేట్ కాలేజీ పిల్లలకు వారాంతపు పరీక్షల్లో మొదట ఒంటబట్టేది ఇదే. మా అమ్మాయి "తెలియనిది ఎలా పెడతాను సార్?" అంది. తప్పు నాది, ముందే చెప్పి ఉండాల్సింది. కానీ తెలియనిదాన్ని తెలియదని వదిలేసిన పిల్లను వెనక్కి నెట్టి, గుడ్డిగా పెట్టిన పిల్లను ముందుకు తోసే కొలత దేన్ని కొలుస్తున్నట్టు?

ఎంసెట్‌కు కావలసిన ఈ అలవాటు డబ్బుతో కొనుక్కోగలిగిన వస్తువు అయిపోయింది. వారం వారం మాక్ టెస్టు, తప్పు చేసిన బిట్లకు వేరే నోట్‌బుక్, షార్ట్‌కట్‌ల షీట్లు, అవసరమైతే ఇంటర్ అయ్యాక ఒక ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్. ప్రభుత్వ కాలేజీ పిల్లల్లో చాలామంది సాయంత్రం బస్సు దాటిపోతే ఇల్లు చేరలేరు. పరీక్ష కంప్యూటర్ మీద. ప్రశ్న స్క్రీన్ మీద ఉంటుంది, లెక్క కాగితం మీద చెయ్యాలి, తల ఎత్తడం దించడంలోనే కొన్ని సెకన్లు పోతాయి. ఇంట్లో కంప్యూటర్ ఉన్న పిల్లకు అది చిన్న విషయం. మౌస్ పట్టుకోవడమే కొత్త అయిన పిల్లకు కాదు.

ఈ తేడాను కొంతైనా సర్దడానికే ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది. తెలంగాణ దాన్ని 2023లో పూర్తిగా ఎత్తేసింది. ఆంధ్రప్రదేశ్ కరోనా కాలంలో పక్కన పెట్టినా మళ్ళీ తెచ్చుకుంది. దేశం మొత్తం మీదా ఇదే తంతు. 2013లో జేఈఈ మెయిన్ ర్యాంకులో బోర్డు మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చారు, 2017 నుంచి తీసేశారు.

వెయిటేజీని తిరిగి తెస్తే చాలు అని నేను అనను, ఎందుకంటే ఆ లెక్క వేసి చూశాను. గ్రూపు సబ్జెక్టుల 600 మార్కులను 25కి, ఎంసెట్ 160ని 75కి కుదిస్తారు. ఇంటర్‌లో 590 వచ్చిన పిల్లకీ 570 వచ్చిన పిల్లకీ చివరికి మిగిలే తేడా 0.83. ఎంసెట్‌లో ఒక్కో బిట్ విలువ సుమారు 0.47. అంటే ఇంటర్‌లో 20 మార్కులు రెండు బిట్లకు కూడా సాటి రావు. 480 వచ్చిన పిల్లకీ 570 వచ్చిన పిల్లకీ మధ్య అయితే ఎనిమిది బిట్ల తేడా వస్తుంది. అది నిజమైన మేలే, దాన్ని ఎత్తేయడం అన్యాయం. కానీ పైవరసలో అందరికీ 580లు, 590లు వచ్చే రోజుల్లో వెయిటేజీ ఎవరినీ వేరు చెయ్యదు.

బోర్డు మార్కులొక్కటే చూస్తే ఏమవుతుందో కూడా మనకు తెలుసు. 2021లో ఢిల్లీ యూనివర్సిటీలో కొన్ని కోర్సులకు కటాఫ్ నూటికి నూరు పెట్టారు. మరుసటి ఏడాదే యూనివర్సిటీలకు ఉమ్మడి ఎంట్రన్స్ సీయూఈటీ వచ్చింది. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీ కరోనాలో ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్షను పక్కన పెట్టి 2022లో మళ్ళీ తప్పనిసరి చేసింది. పై స్థాయి కోర్సులు లేని బడుల్లో చదివిన పేద పిల్లల్లో సత్తా ఉన్నవాళ్ళను పట్టుకోవడానికి ఆ స్కోరే పనికొస్తోందని చెప్పింది. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. పరీక్ష కొన్నిసార్లు పేదవాడికి తోడు నిలుస్తుంది, నిజం. అయితే అక్కడ స్కోరును ఆ పిల్లాడు చదివిన బడితో కలిపి చదువుతారు. ఇక్కడ ర్యాంకును దేనితోనూ కలిపి చదవరు. ఇరవై వేల ర్యాంకు హైదరాబాద్ రెసిడెన్షియల్ క్యాంపస్‌లో వచ్చినా, బోధన్ ప్రభుత్వ కాలేజీలో వచ్చినా కౌన్సెలింగ్‌లో ఒకే అంకె.

కలిపి చదవడం మనకు చేతకాని పనేమీ కాదు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు ఎంట్రన్స్ లేకుండా పదో తరగతి మార్కులతోనే సీట్లు ఇచ్చాం. తర్వాత ప్రభుత్వ బడి పిల్లల పదో తరగతి జీపీఏకు, అంటే గ్రేడ్ల సగటుకు, 0.4 కలిపారు. ఒకే మార్కు వేర్వేరు చోట్ల వేర్వేరు కష్టాన్ని చెబుతుందని ఒక ప్రభుత్వమే ఒప్పుకుని, ఆ మాటను అంకెగా రాసిన సందర్భం అది. మొదటి ఏడాది ఇంగ్లిష్‌తో తంటాలు పడిన పిల్లలు ఉన్నారు. ఆరేళ్ళ కోర్సు కావడంతో నిలదొక్కుకునే టైమ్ వాళ్ళకు దొరికింది. తమిళనాడు సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. 2006లో చట్టం చేసి ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌ను ఎత్తేసింది. లెక్కలకు వంద, ఫిజిక్స్‌కు యాభై, కెమిస్ట్రీకి యాభై, మొత్తం రెండు వందలకు కటాఫ్ వేసి అన్నా యూనివర్సిటీ సీట్లు కూడా వాటితోనే ఇస్తోంది.

ఎంసెట్‌ను రద్దు చెయ్యమని నేను అడగడం లేదు. మూడు మార్పులు అడుగుతున్నాను. బిట్లు 160 నుంచి 90కి తగ్గించి, టైమ్ మూడు గంటలే ఉంచండి. మా అమ్మాయి లాంటి వాళ్ళకు ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. ఇంటర్ మార్కులను మొత్తం రాష్ట్రంతో కాకుండా, అదే కాలేజీలో చదివిన తోటి పిల్లలతో పోల్చి కలపండి. ప్రభుత్వం కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ కోటాలో కొన్ని సీట్లు ప్రతి మండలంలోని ప్రభుత్వ కాలేజీ టాపర్లకు విడిగా ఉంచండి. బిట్లు తగ్గితే ర్యాంకులు టై అవుతాయంటారు. ఇప్పుడూ అవుతున్నాయి, వాటిని తేల్చడానికి నిబంధనలు ఉన్నాయి.

వీటిలో ఏదీ కుదరదంటే, కనీసం ఒక లెక్క బయట పెట్టండి. ప్రతి పిల్ల ఇంటర్ మార్కులు, ఎంసెట్ ర్యాంకు, ఆ తర్వాత బీటెక్‌లో ఏ సెమిస్టర్‌లో ఎన్ని సబ్జెక్టులు తప్పిందీ ప్రభుత్వం దగ్గర, యూనివర్సిటీల దగ్గర ఉన్నాయి. పేర్లు తీసేసి వాటిని కలిపి చూపించండి. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని ఎంసెట్‌లో వెనకబడిన పిల్లలు, వాళ్ళకంటే పై ర్యాంకు వచ్చిన వాళ్ళ పక్కన అదే బెంచీలో కూర్చున్నాక ఎలా చదివారు? నాలుగేళ్ళ తర్వాత ఎవరు నిలబడ్డారు? కొత్త కమిటీ అక్కర్లేదు, రెండు ఫైళ్ళు ఒకచోట చేరిస్తే చాలు. ఇరవై ఏళ్ళుగా ఆ రఫ్ షీట్లు దిద్దుతున్న నాకు ఆ జవాబు చూడాలని ఉంది.